రెండో వాసన

ఆకు మాగబెట్టే గదిలోకి వెళ్లేవారెవరైనా సబ్బు తగలని ఉత్త నీళ్లతో చేతులు కడుక్కోవాలి. తలకు వాసన నూనె రాసుకున్నవారు, ఉల్లిపాయ తిన్నవారు గడప దాటకూడదు. ఈ నియమం పెట్టింది తేయాకు ఫ్యాక్టరీ యాజమాన్యం కాదు, అక్క. చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ఆమె పక్కన లేనప్పుడు మాత్రం ముక్కుదొరసాని. ఆ పొద్దున కూడా ఆమె తన నియమం ప్రకారమే చేతులు కడుక్కుని, ఉతికిన గుడ్డతో తుడుచుకుని, గడప మీద ఒక్క క్షణం నిలబడి గాలి పీల్చింది. ఏ వాసనా రాలేదు. వానాకాలపు జ్వరం తగ్గినప్పటి నుంచీ రావడం లేదు.

ఈ సంగతి తనకూ, పట్నంలోని డాక్టరుకూ తప్ప మూడో మనిషికి తెలియదని ఆమె నమ్మకం. ముక్కు పైభాగంలో వాసనను పట్టే నరాల కొసలు జ్వరానికి దెబ్బతిన్నాయని, అవి మళ్లీ మొలవవచ్చని, మొలవకపోనూ వచ్చని డాక్టరు చెప్పాడు. ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుక మీద తెలుస్తూనే ఉన్నాయి. అందువల్ల తిండి దగ్గర ఆమెలో తేడా ఎవరికీ కనిపించలేదు. పని దగ్గర కనిపించకపోవడానికి కారణం వేరు.

ఆ ఫ్యాక్టరీ చాలా ఏళ్లుగా పొడి టీ చేస్తోంది. పళ్లున్న ఉక్కు రోలర్ల మధ్య ఆకు నుగ్గునుగ్గయి, రసం ఒక్కసారిగా బయటికి వచ్చి, గాలి తగిలి వేగంగా రంగు మారుతుంది. గడియారం చూసుకుంటూ చేసినా పెద్దగా చెడదు. ఒక కప్పులో ఎర్రటి రంగు, నాలుకకు కాస్త పట్టు ఉంటే కొనేవారికి చాలు. వేలంపాట హాల్లో బ్రోకర్లు కప్పు కప్పుకూ జుర్రి, ఉమ్మి, ఒకరితో ఒకరు పోటీపడి అరిచిన కాలం పోయింది. ఇప్పుడు పాట తెర మీద అంకెలుగా నడుస్తుంది. ప్యాకెట్లు కట్టే పెద్ద కంపెనీలు నాలుగు దేశాల పొడి కలిపి అన్ని ప్యాకెట్లలోనూ ఒకే రుచి తెస్తాయి. ఎక్కడిది చవకైతే అక్కడిది కలుపుతాయి. కుర్రకారు సీసా పానీయాలకు మళ్లారు. ఆకు తెచ్చి పోసే చిన్న రైతులు ఒక్కొక్కరే మొక్కలు పీకి వేరే పంట వేస్తున్నారు. లోయకు అటువైపున్న ఫ్యాక్టరీ సోఫాల గోదాము అయింది. దాని బాయిలర్ చిమ్నీ మీద ఇప్పుడు ఒక సెల్‌ఫోన్ టవర్ ఉంది.

జ్వరం తర్వాత అక్క గడియారాన్నీ రంగునూ నమ్ముకుని పొడి దింపించింది. మేనేజరు రోజూ కప్పు చూపించి, "ఎలా ఉందమ్మా?" అని అడిగేవాడు. ఆమె ఒక గుక్క పుక్కిలించి, "చురుగ్గా ఉంది, కొంచెం వగరు ఎక్కువ" అనో, "ఆకు ముదురు, మన తప్పు కాదు" అనో అనేది. ఏ మాట అన్నా ఆయన తల ఊపేవాడు. ఆ పొడి ఎప్పటిలాగే అమ్ముడుపోయింది. ఎవరూ పసిగట్టకపోవడం మొదట ఆమెకు ఊరట అనిపించింది. తర్వాత అదే లోపల ముల్లులా గుచ్చుకుంది. తన ముక్కు ఉన్నా లేకపోయినా సరుకు ఒకటేనని బజారు తేల్చేసిందన్న మాట.

అప్పుడు వచ్చింది ఆకు టీ బేరం. మెలితిరిగిన పొడవాటి ఆకును మాత్రమే అమ్మే ఒక చిన్న కంపెనీ, మందులు కొట్టని ఆకుతో ఒక నమూనా చేసి చూపించమంది. కప్పు నచ్చితే ఈ పంటకాలపు సరుకంతా తీసుకుంటారు. నచ్చకపోతే ఈ కాలం ముగిశాక బాయిలర్ ఇక వెలిగించరని మేనేజరు గేటు దగ్గర అందరినీ నిలబెట్టి చెప్పాడు. ఆ మాట చెప్పి ఆయన అక్క వైపు చూశాడు. అందరూ ఆమె వైపే చూశారు. పాతికేళ్ల కిందట ఈ ఫ్యాక్టరీ ఆకు టీ చేసిన రోజుల్లో పని నేర్చినవారిలో మిగిలింది ఆమె ఒక్కతే.

ఆకు టీలో గడియారం పనికిరాదు. రోలర్ కింద ఆకు నలుగుతుంది గాని నుగ్గవదు. గాలి, చెమ్మ, ఆకు వాడిన తీరు ఇవన్నీ కలిసి ఎప్పుడు దింపాలో తేలుస్తాయి. మొదట కోసిన పసరు వాసన ఉంటుంది. అది తగ్గి పండు వాసన ఒకటి వస్తుంది. ఆ రోజుల పనివాళ్లు దాన్ని మొదటి వాసన అనేవారు. అది మాయమై కొంతసేపు ఆకు చచ్చిపడినట్టు ఉంటుంది. ఆ తర్వాత లేచేది రెండో వాసన. అది నిండుకున్నప్పుడే డ్రయ్యర్‌లోకి పంపాలి. ముందైతే పచ్చి, ఆలస్యమైతే పులుపు. ఈ రెంటి నడుమ ఉన్న జాగా చాలా ఇరుకు. అందులో అక్క ఆ రోజుల్లో కళ్లు మూసుకుని నడిచింది.

వాసన లేకుండా ఆ జాగా పట్టడానికి ఆమె ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకుంది. మాగుతున్న ఆకు వేడెక్కుతుంది. వేడి ఒక ఎత్తుకు చేరి, మెల్లగా దిగడం మొదలుపెడుతుంది. ఆ దిగడాన్ని ముంజేతి వెనకవైపు చర్మంతో పట్టుకోవచ్చు. గదిలో ఉండే థర్మామీటరును కంపెనీవాళ్లే తీయించారు. మూతలేని ఆకు మీద గాజు వస్తువు ఉండకూడదని వాళ్ల షరతు. దానికి బదులు రావలసిన స్టీలు పుల్లది ఇంకా రాలేదు. వచ్చినా మునుపైతే ఆమె దగ్గర చెల్లేది కాదు. "ఆకుకేమైనా జ్వరమొచ్చిందా, పుల్ల పెట్టి చూడ్డానికి?" అని ఎన్నిసార్లు వెక్కిరించిందో ఆమెకే గుర్తు లేదు.

కంపెనీ తరఫున ఆ పొద్దున వచ్చినవాడు పొట్టిగా, బూడిదరంగు స్వెట్టర్‌లో, కళ్లద్దాలు తాడుతో మెడకు కట్టుకుని ఉన్నాడు. ఫ్యాక్టరీ అంతా మర్యాదగా తిరిగి చూశాడు. మాగబెట్టే గది గడప దగ్గర మాత్రం ఆగిపోయాడు. లోపలికి రమ్మని మేనేజరు అన్నా రాలేదు. "చేసేది మీరు, తాగేది నేను. మధ్యలో నేను వేలు పెట్టను" అని, రుచి చూసే బల్ల దగ్గర తన తెల్ల కప్పులు సర్దుకుని కూర్చున్నాడు.

ఆకు రెండు వాయిలుగా ఉంది. మొదటి వాయి రోలర్ నుంచి దిగి ట్రేలలో రెండు వేళ్ల మందాన పరుచుకుంది. బయట మంచు పట్టి ఉంది, సిమెంటు గచ్చు చల్లగా జివ్వుమంటోంది. అక్క చేతులు కొయ్యబారాయి. ఆమె గోడకు అవతలికి వెళ్లి డ్రయ్యర్ రేకు మీద అరచేతులూ ముంజేతులూ ఆనించి కాచుకుంది. డ్రయ్యర్ నడిపే మరిది ఆమెను చూసి, చలికాచుకోవడానికి కూడా వదినకు నా కొలిమే కావాలన్నమాట అన్నాడు. ఆమె నవ్వలేదు. వెచ్చబడిన చేతులతో వచ్చి, అలవాటు చొప్పున గుప్పెడు ఆకు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. చూసేవారికి అంతా మామూలుగానే ఉంది. తర్వాత ముంజేయి తిప్పి ట్రేలో ఆనించింది.

కొంతసేపటికి ఆకు చల్లగా తగిలింది. మళ్లీ రేకు దగ్గరికి వెళ్లి చేతులు కాచుకుని వచ్చి ఆనించింది. మరికాస్త చల్లగా తగిలింది. వేడి దిగుతోందని ఆమె నిశ్చయించుకుంది. చేయి పైకెత్తింది.

ఆ చెయ్యి లేవడమే ఆ ఫ్యాక్టరీలో సైగ. గోడలోని కిటికీలోంచి అది చూసి మరిది, ఆకును డ్రయ్యర్‌లోకి మోసే పట్టీ కదిలించాడు. మొదటి వాయి సెగలోకి పోయింది.

స్వెట్టరాయన నీళ్లు మరిగించి, ఆకు నానబెట్టి, కప్పులోకి వంచి, చెంచాతో పెద్ద చప్పుడుతో జుర్రాడు. నోట్లో ఆడించి ఉమ్మాడు. మరో కప్పు వంచి అదే పని చేశాడు. తర్వాత నానిన ఆకును మూత మీద పరిచి వేలితో విప్పాడు. దాని అంచులు రాగిరంగు తిరిగాయి; నడుమంతా పచ్చగానే ఉంది.

"తొందరపడ్డారు. ఇంకో వాయి ఉంది కదా, అది చూసి వెళ్తాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. అందువల్ల ఆ మాట మరింత బరువుగా పడింది.

అక్క తన ముంజేయి వైపు చూసుకుంది. రేకు సెగకు అక్కడ చర్మం ఇంకా ఎర్రగానే ఉంది. చర్మానికి వేడి ఎంతో తెలియదు. తనకూ ఎదుటిదానికీ మధ్య తేడా ఎంతో మాత్రమే తెలుస్తుంది. ఆకు చల్లబడలేదు. తన చేయి కాలుతోంది. ఇక చేతిని కూడా నమ్మడానికి లేదు. అవతల రెండో వాయి రోలర్ నుంచి దిగుతోంది.

ట్రేలు పరుస్తుండగా గడప మీద నీడ పడింది. అక్క తోడబుట్టిన చెల్లెలు. జల్లెడ బల్ల దగ్గర కూర్చుని టీని గ్రేడులుగా విడదీయడం ఆమె పని. ఒకప్పుడు ఆమె కూడా ఇదే గదిలో అక్క పక్కన పనిచేసింది. ఒకరోజు అక్క చెయ్యెత్తబోతే, ఇంకాస్త ఆగితే బాగుంటుందని పదిమంది ముందు అంది. అక్క ఆగలేదు. ఆ వాయి పచ్చిగా తేలింది. వారం తిరక్కుండా చెల్లెలి తలనూనె వాసన ఆకుకు పడుతోందని అక్క ఫిర్యాదు చేసింది, చెల్లెలు జల్లెడ బల్లకు మారింది. తర్వాత ఇద్దరూ పక్కపక్క గదుల్లో, ఒకే గోడకు అటూ ఇటూ కాపురముంటూ, కావలసినంత వరకే మాట్లాడుకున్నారు. చెల్లెలు ఆనాటి నుంచీ ఈ గడప దాటలేదు. ఇప్పుడు కూడా దాటకుండానే, గొంతు తగ్గించి అడిగింది.

"నీకు వాసన తెలీడం లేదు కదూ?"

అక్క ట్రే సర్దుతూనే ఉంది. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"పాలు మాడిన రోజు. గోడకి ఇవతల నాకు ముక్కు పగిలిపోయింది. వచ్చి చూస్తే నువ్వు పొయ్యి పక్కనే కూచుని రవిక్కి గుండీ కుట్టుకుంటున్నావు."

"మరి అడగలేదేం?"

"చెప్తావేమోనని చూశా."

అక్క ఇంకో ట్రే లాగి ఆకు పరిచింది. చెల్లెలు, "నా తలనూనె ఇప్పుడు నీకు అడ్డం రాదులే" అంది. అది ఎన్నాళ్లుగానో దాచిపెట్టుకున్న మాట. పలికాక ఆమెకే అది చప్పగా అనిపించినట్టుంది, చూపు తిప్పుకుంది. తర్వాత ఒక మార్గం చెప్పింది. తాను వెనక నిలబడుతుంది. సరైన వేళకు దగ్గుతుంది. అక్క చెయ్యెత్తితే చాలు. మేనేజరుకు గాని, ఆ కళ్లద్దాలాయనకు గాని మూడో కంటికి తెలియదు.

అక్క ఆ మాటను నిజంగానే తూచి చూసింది. పేరు నిలుస్తుంది, గది నిలుస్తుంది, ముక్కుదొరసాని ముక్కుదొరసానిగానే ఉంటుంది. కాని చెల్లెలు ఈ గదిలో ఉన్నన్నాళ్లూ పొడి టీయే చేసింది. పొడిలో రెండు వాసనలు విడివిడిగా నిలవవు. ఒకదాని మీద ఒకటి తోసుకొస్తాయి. మొదటి వాసన రాగానే చెల్లెలు దగ్గుతుంది. ఆ తర్వాతి చచ్చిన వేళ ఎంతసేపు ఓర్చుకోవాలో, రెండోదానిలో ఏది నిండుతనమో, ఏది పులుపుకు తొలిమెట్టో ఆమెకు తెలియదు. అది అక్కకు తెలుసు. అక్క తనకు తెలిసినదాన్ని బట్టి అడగాలి, చెల్లెలు పీల్చినదాన్ని చెప్పాలి. దగ్గులో అన్ని మాటలు పట్టవు.

"కుదరదు. నేను అడగాలి, నువ్వు చెప్పాలి" అంది అక్క.

"అందరికీ వినబడుతుంది."

"వినబడనీ."

ఆమె గడప దాటి బయటికి వచ్చింది. మేనేజరుకు పడిశెం కాలమంతా ఉండేదే. రుమాలు ముక్కుకు అద్దుకుని నిలబడ్డాడు. అక్క ఆయనతో, బల్ల దగ్గరున్న ఆయనకు కూడా వినబడేటట్టు, జ్వరం దగ్గర నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పింది. తాను అబద్ధమాడి అన్న మాటలు కూడా దాచలేదు. మేనేజరు రుమాలు ముక్కు దగ్గరే ఉండిపోయింది. ఇన్నాళ్లూ చెప్పకుండా ఈ పూట చెప్పడమేమిటని అడిగాడు. ఈ పూట చెప్పకపోతే రేపు చెప్పినా ఒకటేనని ఆమె అంది. డ్రయ్యర్ దగ్గరి నుంచి మరిది తొంగిచూశాడు. చేతులు కాచుకున్న సంగతి కూడా విని, నశ్యం డబ్బీ మూత మూస్తూ అన్నాడు:

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏంటో ఇవాళ చూశాను వదినా."

ఎవరూ నవ్వలేదు; అతనూ నవ్వలేదు. అతని ముక్కు నశ్యానికి ఎప్పుడో అంకితమైపోయింది, మేనేజరుది పడిశానికి. ఆ ఫ్యాక్టరీ పైకప్పు కింద ఆ గదికి అక్కరకొచ్చే ముక్కు చెల్లెలిదొక్కటే. అందరూ బల్ల వైపు చూశారు. స్వెట్టరాయన కప్పు అంచు తుడుస్తున్నాడు. "ఆకు ఆగదు. అది ముందు చూడండి, మిగతాది తర్వాత" అన్నాడు.

చెల్లెలు ఉత్త నీళ్లతో చేతులు కడుక్కుంది. తలకు గుడ్డ బిగించి కట్టుకుంది. గడప దాటింది.

ట్రే మీదికి వంగి పీల్చి, "పసరు. గడ్డి కోసినట్టుంది" అంది. అక్క తల ఊపింది. ఆకును ఒకసారి తిరగేసి మళ్లీ పరిచారు. చెల్లెలు మళ్లీ వంగింది. గడ్డి తగ్గిందని, దోసకాయ చెక్కు తీసినట్టుందని చెప్పింది. మేనేజరు గడప మీద బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుస్తున్నాడు. కాసేపటికి చెల్లెలి మొహం మారింది.

"పండు వాసనక్కా. ఆపిల్ పండు కోసినట్టు. బాగుంది."

మరిది చేయి పట్టీ మీదికి పోయింది. "ఉండు" అంది అక్క. "ఇది మొదటిది."

"బాగుంది కదా అమ్మా, ఇంకా ఎందుకు?" అన్నాడు మేనేజరు. అక్క చెల్లెలి కళ్లలోకి చూసింది. ఈ మనిషి తన మీద కసి తీర్చుకోదలిస్తే ఇంతకన్న మంచి వేళ దొరకదు. ఒక్క మాట అటూ ఇటూ చేస్తే చాలు. అక్క ఆ ఆలోచనను దాచుకోలేకపోయింది. చెల్లెలు దాన్ని చదివింది కాబోలు, పెదవి బిగించి మళ్లీ ట్రే మీదికి వంగింది. ఈసారి చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు ఆమె మొహం పాలిపోయింది.

"పోయిందక్కా. ఏమీ లేదు. తడిగుడ్డలా ఉంది. పాడైపోయింది."

మేనేజరు గడప దాటి ఒక అడుగు లోపలికి వేసి, తన రుమాలు గుర్తొచ్చి వెనక్కి వేశాడు. దింపెయ్యమని, ఉన్నదైనా దక్కుతుందని అన్నాడు. దక్కడం, దక్కకపోవడం సంగతి అక్కకు కూడా నిజానికి తెలియదు. ఆమె దగ్గర ఉన్నది చెల్లెలి మాట ఒక్కటే. చచ్చిన వేళ వచ్చి తీరాలని తన అనుభవం చెబుతోంది. వచ్చిందని ఆ మాట చెబుతోంది. రెండూ సరిపోయాయి. అబద్ధమైతే ఇలా సరిపోదని ఆమె తనకు తాను చెప్పుకుంది.

"పాడవలేదు. నిద్రపోతోంది. ఆకు కదపొద్దు. ఊరికే పీలుస్తూ ఉండు."

అవతల గదిలో రోలర్ ఆపేశారు. డ్రయ్యర్ ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది. చెల్లెలు వంగుతోంది, లేస్తోంది, లేదని తల ఆడిస్తోంది. మళ్లీ వంగింది. ఈసారి వంగిన మనిషి అలాగే ఉండిపోయి, ట్రే లోకే మాట్లాడింది.

"ఏదో వస్తోంది. పండు కాదు. పువ్వు... ఎండిన పువ్వు. తేనె డబ్బా మూత తీసినట్టు."

"పులుపుందా?"

"లేదు."

"ముక్కు కొసకి గుచ్చుతోందా?"

"లేదు."

"ఇంకా పీల్చు. పెరుగుతోందా, నిలబడిందా?"

"పెరుగుతోంది. పెరుగుతోంది... నిలబడింది." ఒక్క ఊపిరి ఆగింది. "అక్కా, కొసకి కొంచెం..."

అక్క చెయ్యెత్తింది. మరిది పట్టీ కదిలించాడు.

స్వెట్టరాయన ఈసారి కూడా అదే తీరుగా, అదే చప్పుడుతో జుర్రాడు. ఉమ్మలేదు. మింగాడు. నానిన ఆకును విప్పి వెలుతురుకు పట్టాడు. అంచు నుంచి ఈనె దాకా ఒకే రాగిరంగు. ఈ వాయి తాను తీసుకుంటానని, ఈ కాలపు సరుకు కూడా తీసుకుంటానని చెప్పాడు. అయితే ప్రతి వాయినీ కప్పులో చూశాకే. మొదటి వాయి లాంటిది వస్తే తిప్పి పంపేస్తానని కూడా అదే గొంతుతో చెప్పాడు. ఆ గదిలో వాసన తెలిసిన మనిషి ఉండాలన్నాడు. ఆ చివరి మాట అంటూ అక్క వైపు చూడకుండా ఉండటానికి ఆయన పడిన శ్రమ అందరికీ కనిపించింది.

జల్లెడ బల్ల దగ్గర తాను కూర్చుంటానని, చేతులకూ కళ్లకూ ఏ జ్వరమూ రాలేదని అక్క అంది. కూర్చోమంది చెల్లెలు. "తలుపు మాత్రం వేసుకోకు. ఏది నిద్రో, ఏది చావో నాకింకా తెలీదు" అంది.

ఆయన వెళ్లబోతూ రెండో వాయి కప్పు ఒకటి అక్క చేతికి అందించాడు. చేసినవారు రుచి చూడటం తమ దగ్గర మర్యాద అన్నాడు. ఆమె గుక్కెడు నోట్లోకి తీసుకుంది. నాలుక మీద చేదు తెలిసింది. చిగుళ్లను పట్టి లాగే వగరు తెలిసింది. వాటి మీద ఉండవలసినదేదీ లేదు. మేనేజరు ఇన్నేళ్ల అలవాటు చొప్పున, అనకూడదని గుర్తొచ్చేలోగానే అడిగేశాడు.

"ఎలా ఉందమ్మా?"

"వేడిగా ఉంది" అంది అక్క.

చెల్లెలు ఆమె చేతిలోంచి కప్పు తీసుకుని, మిగిలింది మెల్లగా తాగి, అది ఎలా ఉందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.